బండి మీది శనక్కాయలు, చిక్కీలు, నిప్పట్లకు బూజు: అనంతపురంలో తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రమైతే సప్తగిరి సర్కిల్ దగ్గరైనా, క్లాక్ టవర్ దగ్గరైనా, బస్టాండ్ బయటైనా బండ్లే బండ్లు. ఇసుకలో వేయించిన శనక్కాయలు, ఉడకబెట్టినవి, మసాలా బొరుగులు, మిరపకాయ బజ్జీలు, గాజు సీసాల్లో చిక్కీలు, నిప్పట్లు. ఇవి తినని అనంతపురంవాళ్ళు ఉండరు, నేనూ తింటాను, తినొద్దని చెప్పడానికి ఈ పేజీ రాయడం లేదు. వానలు మొదలై గాలిలో తేమ పెరిగినప్పటి నుంచీ బూజు గురించి జనం అడుగుతూనే ఉంటారు, వాట్సాప్‌లో వచ్చే జవాబులేమో సగం భయపెట్టేవి, సగం తప్పులు. అందుకే ఎక్కువగా వినిపించే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి, నాకు ఖాయంగా తెలిసినంతవరకు జవాబులు రాశాను.

కొన్నదాంట్లో బూజు కనిపించింది. ఆ ముక్క వరకు తీసేసి మిగతాది తినొచ్చా?

బన్ను, బ్రెడ్డు, కొబ్బరి పెట్టిన దిల్‌పసంద్, కోవా, ఉడికిన శనక్కాయలు, ఇలాంటి మెత్తటివి అయితే మొత్తం పారేయండి. పైన పచ్చగానో నల్లగానో కనిపించేది బూజు బీజాలు పట్టిన భాగం మాత్రమే, దాని సన్నటి పోగులు అప్పటికే లోపలికి పాకి ఉంటాయి, అవి కంటికి కనిపించవు. గట్టి తిండిలో, అంటే క్యారెట్ లాంటి దాంట్లో, బూజు పట్టినచోటు చుట్టూ లోతుగా కోసేసి మిగతాది వాడుకోవచ్చంటారు గానీ బండి మీద మనం కొనేదాంట్లో అలాంటి గట్టి తిండి దాదాపు లేదు.

వేయించిన గింజల పొట్లంలో ఒక్క గింజకు బూజు ఉంటే? ఆ పొట్లం కూడా వద్దు. ఆ గింజకు తగిలిన తేమే పక్క గింజలకూ తగిలింది. ఇంకో మాట, బూజు ఉందేమోనని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన పీల్చకండి, ముఖ్యంగా ఆస్తమా ఉన్నవాళ్ళు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే దగ్గు, ఆయాసం రావచ్చు.

నూనెలో కాలుస్తారు, ఇసుకలో మాడ్చి వేయిస్తారు కదా, ఆ వేడికి బూజు చచ్చిపోదా?

చచ్చిపోతుంది. అందరూ పొరబడేది ఇక్కడే. బూజు ఒక ప్రాణి, వేడికి చస్తుంది. కానీ అది బతికున్నప్పుడు గింజలో వదిలిన విషం ప్రాణి కాదు, రసాయనం, దానికి చావు అంటూ లేదు. శనక్కాయల్లో పెరిగే కొన్ని రకాల బూజు వదిలే విషాన్ని అఫ్లాటాక్సిన్ అంటారు. అది పూర్తిగా విరిగిపోవాలంటే 200 డిగ్రీలు దాటి ఇంకా పైకి, 240 దగ్గరకు పోవాలి. బజ్జీ వేసే నూనె మామూలుగా 170, 180 డిగ్రీల్లో ఉంటుంది. ఇసుక మూకుట్లో వేయించినప్పుడు విషం కొంత తగ్గే మాట నిజమే, అయితే ఎంత తగ్గుతుందనేది వేడిని బట్టి, వేయించినసేపును బట్టి, గింజలో మొదట ఎంత ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది, పూర్తిగా మాత్రం పోదు. ఉడకబెడితే అసలు లెక్కలోకి వచ్చేంత తగ్గదు, నీళ్ళు 100 డిగ్రీలు దాటవు కదా.

కాబట్టి "ఏముందిలే, వేయిస్తే అన్నీ పోతాయి" అనే మాట శనక్కాయల దగ్గర పనికిరాదు. వేయించాక చేయగలిగింది చాలా తక్కువ, చేయాల్సిందంతా వేయించకముందే చేయాలి.

అఫ్లాటాక్సిన్ అనేది కొత్తగా వచ్చిందా? మా తాతల కాలంలో ఈ పేరే వినలేదు.

విషం పాతదే, పేరు కొత్తది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోయాయి, ఏ రోగమో ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి తేలిందేమిటంటే, వాటికి వేసిన మేతలో బ్రెజిల్ నుంచి తెప్పించిన శనక్కాయ పిండి (నూనె తీశాక మిగిలే చెక్క) ఉంది, దానికి బూజు పట్టి ఉంది. ఆ బూజు పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్, ఆ పేరులోంచే అఫ్లాటాక్సిన్ అనే మాట పుట్టింది.

మన దేశంలో 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల పల్లెల్లో అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నలు తిని వందమందికి పైగా చనిపోయారు, కాలేయం దెబ్బతిని కామెర్లతో. కెన్యాలో 2004లో ఇదే జరిగింది, అక్కడా మొక్కజొన్నే, 125 మంది పోయారు. ఈ రెండూ పూటపూటా అదే గింజ తిన్న పేదవాళ్ళకు జరిగినవి. సాయంత్రం పది రూపాయల పొట్లం తిన్నవాళ్ళకు అలా అవుతుందని చెప్పడానికి వీటిని రాయలేదు. ఈ విషం శక్తి ఏమిటో, అది ఎవరిని ముందు పట్టుకుంటుందో తెలియాలని రాశాను.

అన్ని గింజలుండగా శనక్కాయకే ఎందుకింత గొడవ?

శనక్కాయ నేలలో కాస్తుంది, ఈ బూజు కూడా నేలలోనే ఉంటుంది. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

మన జిల్లా సంగతి చూడండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ వేళకు పడదు. జూన్, జూలైల్లో విత్తుతారు, చెట్టు బాగానే వస్తుంది, కాయ గట్టిపడే చివరి వారాల్లో వాన మొహం చాటేస్తుంది. నేల వేడెక్కి, చెట్టు వాడిపోయి, దాని ఒంట్లో ఎదురు తిరిగే శక్తి తగ్గినప్పుడు ఆ బూజు కాయలోకి దూరుతుంది. చెదలు గీకిన కాయలు, పురుగు తొలిచినవి, పీకేటప్పుడు పగిలినవి ఇంకా సులువుగా దొరికిపోతాయి. అంటే కాయ భూమిలోంచి బయటికి రాకముందే పని అయిపోయి ఉండొచ్చు, దానికి వానాకాలపు తేమతో పనే లేదు. ఇది చాలామంది నమ్మరు, బూజు అంటే తడి వల్లే వస్తుందనుకుంటారు.

తర్వాత రెండో దెబ్బ. అక్టోబరు, నవంబరులో చెట్లు పీకి వామి వేసినప్పుడు సరిగ్గా అప్పుడే వాన కొడుతుంది. ఎండాల్సిన కాయ తడిసి వామిలో వేడెక్కుతుంది. రైతుకు అప్పుడు చేతిలో ఉండేది ఒక టార్పాలిన్ పట్ట, అదీ ఉంటే. గింజలో తేమ 7, 8 శాతానికి దిగేదాకా ఎండితే బూజుకు బతుకు లేదు, కానీ అప్పులవాడు ఇంటి ముందు కూర్చున్నప్పుడు ఆ రెండు మూడు రోజులు ఆగడం ఎంత కష్టమో మన పల్లెల్లో అందరికీ తెలుసు.

మూడోది గోదాములో జరుగుతుంది. మిషన్‌లో వలిచేటప్పుడు గింజ బద్దలు కాకుండా కాయల మీద నీళ్ళు చల్లే అలవాటు ఒకటుంది. గింజ పగలకపోతే ధర వస్తుంది, నిజమే. కానీ అంత కష్టపడి ఎండబెట్టిన కాయకు మళ్ళీ తడి తగిలించి, దాన్ని గోనెసంచుల్లో కట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే ముందు మానాల్సిన పని ఇదే.

ఇన్ని దాటుకుని ఆ గింజ బండి దగ్గరికి వస్తుంది. బండి అన్నను తిట్టేముందు ఈ దారంతా ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

మంచి గింజ, చెడ్డ గింజ కంటితో గుర్తుపట్టే మార్గం ఉందా?

చాలావరకు ఉంది. నూటికి నూరుపాళ్ళు కాదు గానీ, మన చేతిలో ఉన్న ఆయుధాల్లో ఇదే పెద్దది. ఎందుకంటే ఈ విషం బస్తాలో అన్ని గింజల్లో సమానంగా ఉండదు. ఎక్కువ గింజలు శుభ్రంగానే ఉంటాయి, ఎక్కడో ఒకటి అరా గింజల్లో మాత్రం విపరీతంగా ఉంటుంది, ఎంతంటే ఒక్క గింజ వల్ల కిలోల కొద్దీ మంచి సరుకు ప్రభుత్వం పెట్టిన హద్దు దాటిపోయేంత. కాబట్టి ఆ ఒకటి అరా ఏరి పారేస్తే విషంలో పెద్ద భాగం పోయినట్టే.

ఏరాల్సినవి ఇవి. ముడుచుకుపోయిన తాలు గింజలు, చేతిలో తేలిగ్గా అనిపించేవి, పైపొట్టు నల్లగానో బూడిదరంగులోనో మచ్చలు పడినవి, పొట్టు తీస్తే లోపల పసుపుపచ్చ మరకలున్నవి, పురుగు రంధ్రం ఉన్నవి. పప్పును రెండుగా విడదీసి చూడండి, రెండు బద్దల మధ్య ఉండే సందులో బూజు దాక్కుంటుంది, పైకి శుభ్రంగా కనిపించే గింజ కూడా అక్కడ పచ్చగా ఉండొచ్చు. కాయతో కొంటే, గుల్ల మీద పగుళ్ళు, నల్లమచ్చలు ఉన్నవి పక్కన పెట్టండి. ఊపితే గలగలమంటే బాగా ఎండిందని ఒక గుర్తు.

నోట్లో వేసుకున్నాక చేదు తగిలితే మింగొద్దు, ఉమ్మేయండి. మన పెద్దవాళ్ళు చేదు గింజ వస్తే ఉమ్మేసి, ఆ చేదు పోవడానికి ఇంకో మంచి గింజ వేసుకునేవాళ్ళు. ఉమ్మేయడం చాలా మంచి అలవాటు, పిల్లలకు తప్పకుండా నేర్పండి, మర్యాద కాదని కొందరు మింగేస్తుంటారు.

చేదు లేదు, బూజు లేదు, రంగు బాగుంది. ఇక భయం లేనట్టేనా?

భయం చాలా తగ్గినట్టు, పూర్తిగా పోయినట్టు కాదు. అఫ్లాటాక్సిన్‌కు రంగు, రుచి, వాసన లేవు. చేదుగా ఉండేది చెడిపోయిన గింజ, విషం దాంట్లో ఉండే అవకాశం ఎక్కువ, అంతే.

గింజలు ముక్క వాసన వస్తున్నాయి. అది బూజేనా?

రెండు రకాలు. తడి గోడ పక్కన పెట్టిన పాత బట్టలు కొట్టే వాసనలా ఉంటే అది బూజు. పాత నూనె వాసన, గొంతులో గరగర, నాలుక మీద జిగట ఉంటే అది నూనె ముక్కిపోవడం, గాలి, వెలుతురు, వేడి తగిలి గింజలోని నూనె చెడిపోవడం వల్ల వచ్చేది. దానికీ బూజుకూ సంబంధం లేదు, కానీ తినాల్సిన పనీ లేదు. నిప్పట్లు, మురుకులు, కారాలు ఎక్కువగా ఈ రెండో రకంగానే పాడవుతాయి.

చిక్కీలు, శనక్కాయ ఉంటలు, పొడులు, చట్నీలు ఎలా?

నాకు బండి మీది వేయించిన శనక్కాయల కంటే వీటి మీదే అనుమానం ఎక్కువ, కారణం చెబుతాను. కాయగా ఉన్నప్పుడు మీరు వలుచుకుని, చూసి, చేదుగా ఉంటే ఉమ్మేయగలరు. పొడి కొట్టాక, బెల్లం పాకంలో వేశాక, మిరపకాయలు తెల్లగడ్డలు కలిపి రుబ్బాక ఏది మంచి గింజో ఏది చెడ్డదో దేవుడికి తెలియాలి. పైగా బద్దలు, ముక్కలు, తాలు గింజలు మార్కెట్లో తక్కువ ధరకు వస్తాయి, రూపం అవసరం లేని చోటికే అవి పోతాయి. అందరూ అలా చేస్తారని కాదు, మంచి గింజతోనే చేసేవాళ్ళు మన ఊళ్ళో చాలామంది ఉన్నారు. అందుకే చిక్కీ కొనేటప్పుడు నిండు బద్దలు స్పష్టంగా కనిపించేది కొనండి, నలిగిన ముద్దలా ఉన్నది వదిలేయండి. బద్ద లేత రంగులో, సమానంగా వేగి ఉండాలి, అక్కడక్కడా నల్లటి గింజలుంటే ఊరుకోకండి, అడగండి.

ఇంకా వానాకాలంలో బెల్లం తేమ లాగేసి చిక్కీ పైన జిగటగా అవుతుంది, అలా చెమ్మగిల్లినదాని మీద బూజు త్వరగా కూర్చుంటుంది. కవరుకు అతుక్కుపోయిన చిక్కీ కొనొద్దు.

పొడి మాత్రం ఇంట్లో కొట్టుకోవడమే మేలు. పొద్దున ఇడ్లీలోకి, ఉగ్గానిలోకి, రాత్రి అన్నంలోకి రోజూ వాడే ఇళ్ళు మనవి, బండి మీద వారానికోసారి తినే పొట్లం కంటే ఇంట్లో డబ్బాలో ఉన్న పొడి ద్వారా మనం తినే శనక్కాయే చాలా ఎక్కువ. బండి మీద పెట్టే శ్రద్ధలో సగం మన వంటింటి డబ్బా మీద పెట్టండి. ఎండుకొబ్బరి పొడికి కూడా ఇదే మాట, కొబ్బరిచిప్ప లోపల పచ్చటి మరకలు, నల్లటి చుక్కలు ఉంటే గీకి వాడొద్దు, పారేయండి.

ఉడకబెట్టిన శనక్కాయలు ఎంతసేపు బాగుంటాయి?

ఆ పూటకే. ఉడికిన కాయలో నీళ్ళు నిండి ఉంటాయి, మన ఎండకు రాత్రి మిగిలినవి మర్నాటికి జిగటగా మారతాయి, బూజు కంటే ముందు బాక్టీరియా వస్తుంది. పొగలు వస్తున్న గిన్నెలోంచి తీసిచ్చేవి తీసుకోండి, గుల్ల లోపలి నీళ్ళు జిగురుగా సాగినా, పులిసిన వాసన వచ్చినా వదిలేయండి. పచ్చికాయ సీజన్‌లో తెచ్చిన తాజా కాయ అయితే అంతకంటే మంచి తిండి లేదు.

బొరుగులు, నిప్పట్లు, మురుకులకు బూజు పడుతుందా?

కరకరలాడుతున్నంతసేపు పట్టదు, బూజు పెరగడానికి కావాల్సినంత నీళ్ళు వాటిలో ఉండవు. మెత్తబడ్డాయంటే తేమ పట్టిందని అర్థం, అక్కడి నుంచి రోజులు లెక్కపెట్టుకోవాలి. మసాలా బొరుగులు కలిపిన వెంటనే తినాలి, టమోటా, ఎర్రగడ్డ, నిమ్మరసం పడ్డాక ఇంటికి తీసుకెళ్ళి రాత్రికి తిందామని దాచుకోవద్దు.

ఎర్రగడ్డల మాట వచ్చింది కాబట్టి, వాటి పైపొర మీద మసిలా నల్లటి పొడి కనిపిస్తుంది చూడండి, అది కూడా ఒక రకం బూజే, ఆస్పర్‌జిల్లస్ నైజర్. రెండు పొరలు తీసేసి, కడిగి, లోపల గట్టిగా తెల్లగా ఉంటే వాడొచ్చు. పొరల మధ్యకు కూడా నలుపు దిగి, గడ్డ మెత్తబడితే అది బజ్జీలోకీ పనికిరాదు, బొరుగుల్లోకీ పనికిరాదు.

మిరపకాయ బజ్జీ, పానీపూరీల సంగతి?

వాటిలో బూజు పెద్ద సమస్య కాదు. నీళ్ళు, చేతులు, చట్నీ, మళ్ళీమళ్ళీ కాచిన నూనె, అవి చూసుకోవాలి. వేడివేడి బజ్జీ తిని కడుపు చెడిందంటే ఎక్కువసార్లు తప్పు పక్కనున్న చట్నీదే.

బూజు పట్టింది తెలియకుండా తినేశాను. ఇప్పుడేం చేయాలి?

ముందు టెన్షన్ పడకండి. ఒకసారి కొంచెం బూజు పొట్టలోకి పోతే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు సాధారణంగా ఏమీ కాదు, మహా అయితే వికారం, ఒక వాంతి. వేలు పెట్టి బలవంతంగా కక్కుకోవద్దు. నీళ్ళు తాగి విశ్రాంతి తీసుకోండి. వాంతులు ఆగకపోయినా, జ్వరం వచ్చినా, కడుపులో నొప్పి ఎక్కువైనా, కళ్ళు పచ్చబడినా, మూత్రం బాగా ముదురు పసుపురంగులో వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఏం తిన్నారో చెప్పండి. ఒంటి మీద దద్దుర్లు, పెదవులు వాయడం, ఊపిరి ఆడకపోవడం అయితే అది అలర్జీ, శనక్కాయ మీదే అలర్జీ కావచ్చు, అప్పుడు ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

కాలేయానికి క్యాన్సర్ వస్తుందంటున్నారు, నిజమేనా?

నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అఫ్లాటాక్సిన్లను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవిగా ఖాయం చేసిన మొదటి గ్రూపులోనే పెట్టింది. అయితే ఆ ప్రమాదం సంవత్సరాల తరబడి కొంచెం కొంచెం తినడం వల్ల వచ్చేది, ఒక పొట్లం వల్ల కాదు. హెపటైటిస్ బి (వైరస్ వల్ల వచ్చే కాలేయ రోగం) ఉన్నవాళ్ళకు మాత్రం ఈ విషం తోడైతే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఈ సంగతి మన దగ్గర ఎవరూ చెప్పడం లేదు. హెపటైటిస్ బి టీకా పిల్లలకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు, పుట్టిన వెంటనే ఒక డోసు, తర్వాత మిగతావి. మీ పిల్లల కార్డు తీసి ఒకసారి చూసుకోండి. పెద్దవాళ్ళు కూడా రక్తపరీక్ష చేయించుకుని, హెపటైటిస్ బి లేదని తేలితే టీకా వేయించుకోవచ్చు.

పిల్లలకు శనక్కాయలు పెట్టడం మానేయాలా?

అస్సలు మానొద్దు. మన ప్రాంతంలో పేదింటి పిల్లలకు చవగ్గా దొరికే మాంసకృత్తులు ఇవే, అంగన్‌వాడీల్లో చిక్కీ పెట్టేది ఊరికే కాదు. ఆఫ్రికాలో బెనిన్, టోగో దేశాల్లో చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒంట్లో ఈ విషం ఎక్కువగా ఉన్న పిల్లలు ఎదుగుదలలో వెనకబడి కనిపించారు. అంటే పిల్లలకు శనక్కాయ తగ్గించమని కాదు, వాళ్ళ వాటాకు మంచి గింజ ఏరి పెట్టమని. చిన్నపిల్లలకు నిండు గింజ ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడుతుంది, నలిపి ఇవ్వండి.

బూజు తింటే బ్లాక్ ఫంగస్ వస్తుందా?

2021లో కోవిడ్ తర్వాత చూసిన బ్లాక్ ఫంగస్ వేరే జాతి బూజుల వల్ల వస్తుంది, ఎక్కువగా గాలిలో ఉండే బీజాలు ముక్కులోకి పోవడం వల్ల, అదీ షుగరు అదుపులో లేనివాళ్ళకు, స్టెరాయిడ్లు వాడినవాళ్ళకు. బండి మీద చిక్కీ తిన్నందుకు రాదు.

ఆన్‌లైన్‌లో నీలి లైటు టార్చీలు అమ్ముతున్నారు, వాటితో విషం కనిపిస్తుందట?

డబ్బు దండగ. అఫ్లాటాక్సిన్లలో కొన్ని అతినీలలోహిత కాంతిలో నీలంగా, కొన్ని ఆకుపచ్చగా మెరుస్తాయి, బి, జి అనే అక్షరాలు ఆ రంగుల నుంచే వచ్చాయి. కానీ అది ప్రయోగశాలలో గింజ నుంచి విషాన్ని వేరు చేశాక కనిపించే మెరుపు. టార్చి కింద వేరే పదార్థాలు కూడా మెరుస్తాయి, అసలు విషమున్న గింజ మెరవకుండా ఉండొచ్చు. మన దేశంలో నేరుగా తినే గింజల్లో కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని నియమం, అంటే పది కోట్ల భాగాల్లో ఒక భాగం. యూరప్‌లో అది 4 మాత్రమే. అంత సూక్ష్మమైనదాన్ని టార్చి పట్టి తేల్చడం అయ్యే పని కాదు. ల్యాబులో కూడా నాలుగు గింజలు తీసుకెళ్తే లాభం లేదు, బస్తాలో పలుచోట్ల నుంచి కిలోల లెక్కన తీసి, అంతా పొడి చేసి, కలిపి పరీక్ష చేస్తేనే ఫలితానికి అర్థం ఉంటుంది.

పేరున్న కంపెనీ ప్యాకెట్ కొంటే గొడవ ఉండదా?

పెద్ద కంపెనీలకు గింజల్ని రంగును బట్టి ఏరే మిషన్లు, పరీక్షలు ఉంటాయి, కాబట్టి కొంత నమ్మకం. కానీ పేరు, చిరునామా, తేదీ ఏమీ లేకుండా పిన్ను కొట్టి వేలాడదీసిన కవరు మాత్రం బండి పొట్లం కంటే అధ్వాన్నం. బండి మీద కనీసం సరుకు కళ్ళ ముందు ఉంటుంది, మనిషి ఎదురుగా ఉంటాడు.

నాకే బండి ఉంది. సరుకు పాడవకుండా ఏం చేయాలి?

మీరు అడిగినందుకు సంతోషం, ఎందుకంటే ఈ విషయంలో కొనేవాళ్ళ కంటే మీరు చేయగలిగిందే ఎక్కువ.

గింజ కొనేటప్పుడు బస్తా పైన చూసి సరిపెట్టుకోకండి, అడుగున చేయి పెట్టి తీసి చూడండి. చేతికి చల్లగా, చెమ్మగా తగిలితే వద్దనండి. కిలోకు రెండు రూపాయలు తక్కువకు వస్తోందంటే ఎందుకు వస్తోందో అడగండి. వేయించే ముందు చాటలో పోసి ఏరండి, ఇంట్లో అవ్వ ఉంటే ఈ పని ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏరిన చెడు గింజలను పక్క డబ్బాలో పెట్టి తర్వాత పొడిలో కలపొద్దు, చాలాచోట్ల జరిగే తప్పు ఇదే.

వేయించాక పూర్తిగా ఆరనివ్వండి. వేడివేడిగా కవర్లో కట్టేస్తే లోపల ఆవిరి చెమటలా పట్టి ఆ తడే బూజుకు పుట్టిల్లు అవుతుంది. పాత సరుకు మీద కొత్త సరుకు పోయకండి, డబ్బా ఖాళీ చేసి, కడిగి, ఎండలో ఆరబెట్టి, అప్పుడు కొత్తది పోయండి. అడుగున మిగిలిపోయిన పొడి, ముక్కలు నెలల తరబడి అలాగే ఉంటే బూజు బీజాలన్నీ అక్కడే ఉంటాయి. తడి చేయి, తడి గరిటె డబ్బాలో పెట్టొద్దు. ఇంట్లో సంచులు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు తగలకుండా ఎత్తులో పెట్టండి. వానాకాలంలో తక్కువ తెచ్చుకుని త్వరగా అమ్ముకోండి, ఒకేసారి బస్తా తెస్తే రేటు కలిసొస్తుంది గానీ పాడైతే ఆ లాభం మొత్తం పోతుంది.

పాత పేపరులో పొట్లం కట్టడం మానేయండి. ముద్రించిన కాగితంలో తిండి చుట్టకూడదని నియమం ఉంది, సిరా నూనెకు అంటుకుంటుంది. చిన్న బండికైనా ఆహార భద్రత సంస్థ (ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ.) రిజిస్ట్రేషన్ తీసుకోండి, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, రేపు ఎవరైనా వచ్చి అడిగితే మీకే రక్ష.

గానుగ నూనెలో కూడా ఈ విషం ఉంటుందా?

చెడ్డ గింజ ఆడిస్తే ఉంటుంది. విషంలో ఎక్కువ భాగం పిండిలోనే ఉండిపోతుంది, కొంత నూనెలోకి వస్తుంది. ఫ్యాక్టరీలో రిఫైన్ చేసేటప్పుడు అది పోతుంది, గానుగ నూనెకు ఆ దశ లేదు. గానుగ నూనె మంచిదే, అయితే గింజ మీరే ఏరి తీసుకెళ్ళి కళ్ళ ముందు ఆడించుకోండి, నూనెను తేరనిచ్చి మడ్డి వదిలేసి వాడుకోండి.

ఏరేసిన గింజలు, బూజు పట్టిన పిండి ఆవుకు పెట్టొచ్చా? వృథా పోదు కదా.

పెట్టొద్దు. ఆవు తిన్న విషం రూపు మార్చుకుని పాలలోకి వస్తుంది, దాన్ని అఫ్లాటాక్సిన్ ఎం1 అంటారు, పాలలో అది కిలోకు 0.5 మైక్రోగ్రాములు దాటకూడదని నియమం. పాలు కాచినా అది పోదు. ఏ గింజను బిడ్డకు వద్దని ఏరి పారేశామో అదే గింజ పాలగ్లాసులో బిడ్డ దగ్గరికే వస్తుంది. కోళ్ళకు కూడా వేయకండి. పొయ్యిలో వేసేయండి, లేదా గుంట తీసి పూడ్చండి.

బూజు పట్టిన సరుకు అమ్ముతుంటే ఎవరికి చెప్పాలి?

ముందు ఆ బండి మనిషికే చెప్పండి. "అన్నా, ఈ గింజ చూడు, అడుగు సరుకు పాడైనట్టుంది" అంటే వందమందిలో తొంభైమంది పక్కన పెట్టేస్తారు, వాళ్ళ పిల్లలు కూడా అదే తింటారు. వీడియో తీసి ముఖం చూపించి గ్రూపుల్లో పెట్టడం నాకు నచ్చదు, ఒక పొట్లం కోసం ఒకరి రోజుకూలి పోగొట్టడం న్యాయం కాదు.

చెప్పినా వినకుండా అదే అమ్ముతుంటే, లేదా పెద్ద ఎత్తున తడిసిన సరుకు కొట్లకు పంపే గోదాము మీ కంట పడితే, అప్పుడు జిల్లా ఆహార భద్రత అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. ఉచిత ఫోన్ నంబరు 1800112100, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లోనూ ఫోటోతో ఫిర్యాదు చేయొచ్చు. ఎక్కడ, ఎప్పుడు కొన్నారో రాయండి, మిగిలిన సరుకును కవరుతో సహా పొడిగా దాచండి.

ఇంకొకటి ఎక్కువమందికి తెలియదు. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షను ప్రకారం కొనుక్కున్నవాళ్ళే రుసుము కట్టి సరుకును ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. కాకపోతే పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే అమ్మేవాళ్ళకు చెప్పాలి, ఇంటికొచ్చాక గుర్తొస్తే కుదరదు. పరీక్షలో సరుకు బాగాలేదని తేలితే కట్టిన రుసుము వెనక్కి వస్తుంది.